యాభై దాటితే పలికే ఈల

జనగామ నుంచి బామ్మర్ది వచ్చాడంటే దయాకర్ సేటు ఇంట్లో ఏదో ఒక కొత్త వస్తువు దిగినట్టేనని భూపాలపల్లి బజారుకంతా తెలుసు. పోయినసారి దోమల్ని తరిమే మిషన్ తెచ్చాడు. పెట్టిన రోజు నుంచి దోమలు దాని మీదే వాలుతున్నాయి. అంతకు ముందు తెచ్చిన కరెంటు ఆదా చేసే పెట్టెను, ఎందుకైనా మంచిదని, దేవుడి గూటి కింద పెట్టారు. విద్యాసాగర్ మంచివాడు. జనగామలో స్పేర్ పార్టుల దుకాణం నడుపుకుంటాడు. అక్క పుష్పలత అంటే ప్రాణం, బావ అంటే అంతకంటే పిసరంత ఎక్కువ. బామ్మర్ది బతక కోరతాడని సామెత ఊరికే పుట్టలేదు.

సకల జనుల సమ్మె మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. విద్యాసాగర్ మోటార్ సైకిల్ మీద జనగామ నుంచి బయలుదేరి, దారిలో నాలుగు చోట్ల జై తెలంగాణ అని, రెండు చోట్ల ఉద్యమకారులు పోసిన టీ తాగి, మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో దిగాడు. నీళ్లయినా తాగకుండా చొక్కా జేబులోంచి బొటనవేలంత నల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండు తీశాడు.

"ఏందిరా అవి?" అన్నాడు దయాకర్.

"ఈలలు బావా. ఫారిన్‌ల ప్రతి బండికి ఉంటయట. ముందర బంపర్‌కు అతికిస్తే చాలు. బండి ఉరుకుతుంటే గాలి దీంట్లకు పోతది, ఈల మోగుతది. దుప్పులు, జింకలు దూరంకెళ్లే విని తప్పుకుంటయ్. నువ్వు కాళేశ్వరం రోడ్డు మీద తిరుగుతున్నవని అక్క చెప్పింది. నాకు నిద్ర పట్టలే."

మొక్కజొన్నలు కొని అమ్మే దయాకర్ దుకాణం ముందు సరుకు మోసే డీసీఎం వ్యాన్ ఆగి ఉంది. డ్రైవర్ బాల్‌సింగ్ పాత పేపరుతో అద్దం తుడుస్తున్నాడు. అతని భార్య చంద్రి రేకుల కింద నీడలో కూర్చుని దబ్బనంతో, సుతిలి తాడుతో మక్కల బస్తాల మూతులు కుడుతోంది. మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆ ఇద్దరూ సేటు దగ్గరే ఉన్నారు. అతను బండికి, ఆమె బస్తాలకు.

విద్యాసాగర్ ఒక గొట్టాన్ని నోట్లో పెట్టుకుని బుగ్గలుబ్బించి ఊదాడు. చప్పుడు రాలేదు.

"మోగలేదు కదా సారూ," అంది చంద్రి.

"మనకు వినపడదు. జంతువులకే వినపడుతది."

"మరి మోగుతుందని మీకెట్ల తెలిసింది?"

"డబ్బా మీద రాసున్నది."

చంద్రి దబ్బనం నోట్లో పట్టుకుని తాడు ముడివేసింది. ఆమె నవ్వు దాచుకోవాలంటే చేసే పని అది. బాల్‌సింగ్‌కు తెలుసు కాబట్టి అటు చూడకుండా అద్దమే తుడిచాడు.

బంపర్ రెండు కొసలకూ ఈలలు అతికించాక విద్యాసాగర్ అసలు సంగతి చెప్పాడు. "ఒక్కటే షరతు. స్పీడు యాభై దాటాలె. దాటితేనే గాలి సరిపోతది. యాభై లోపల ఉంటే పలుకదు."

అద్దం తుడుస్తున్న చెయ్యి ఆగింది. అడవి దారిలో బాల్‌సింగ్ ముప్పై దాటడు. అడవి మొదలు కాగానే కిటికీ అద్దం దించుతాడు, పాటలు ఆపుతాడు, బండిని ముప్పైకి తెస్తాడు. ఇప్పల వాగు కల్వర్టు వచ్చిందంటే చెయ్యి బయట పెట్టి డోర్ రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొడతాడు. దబ్, దబ్. రోడ్డు పక్కన ఏదైనా మేస్తుంటే తలెత్తుతుంది, చూస్తుంది, తన దారిన తాను పోతుంది. పదకొండేళ్లలో అతని బండి కింద కుందేలు కూడా పడలేదు. డ్రైవర్ల అడ్డాలో బాల్‌సింగ్ అనే పేరు వస్తే, పక్కనే ఈ మాట కూడా వస్తుంది.

"అడవిల యాభై ఎందుకు సేటు?" అన్నాడు మెల్లగా.

"ఈల పలుకాలె గదా బాల్‌సింగ్," అన్నాడు దయాకర్. "పాపం, గంత దూరంకెళ్లి తెచ్చిండు."

మర్నాడు పొద్దున్నే బండి కాళేశ్వరం దారి పట్టింది. వేరే సంవత్సరాలైతే మక్కలు మార్కెట్ యార్డుకు వచ్చేవి, అక్కడి నుంచి దుకాణానికి చేరేవి. ఈ యేడు యార్డు ఉద్యోగులు కూడా సమ్మెలో ఉన్నారు. రైతుల కల్లాల్లో మక్కలు కుప్పలు పడి ఉన్నాయి. అందుకని దయాకరే పల్లెలకు పోయి కల్లాల దగ్గరే కొంటున్నాడు. రైతులు బస్తాల్లో నింపి పెడతారు. చంద్రి మూతులు కుడుతుంది. ఇద్దరు హమాలీలు బండికెత్తుతారు.

ఎత్తే ముందు దయాకర్ పని ఒకటుంటుంది. ఆయన సంచిలో జానెడు ఇనుప గొట్టం ఉంది. ఒక కొస కలం పాళీలాగా వాలుగా కోసి ఉంటుంది. వాళ్ల నాయన చేతి నుంచి వచ్చింది, పట్టుకునే చోట తళతళలాడుతుంది. ప్రతి బస్తా పక్కన నిలబడి నడుము దగ్గర గొట్టం కసుక్కున దింపి, ఒక తిప్పు తిప్పి లాగుతాడు. గొట్టంలోంచి గుప్పెడు గింజలు అరచేతిలోకి జారతాయి. నలుపుతాడు, వాసన చూస్తాడు, ఒక గింజను పంటితో కొరుకుతాడు. పటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే పచ్చి. ఆ కొరికే శబ్దం కోసం రైతు ఊపిరి బిగబట్టి చూస్తాడు. దయాకర్ చేతిలో మోసం లేదు. ఆ మాట చుట్టుపక్కల పల్లెలన్నీ చెబుతాయి. ఎండిన గింజను పచ్చిదని ఆయన ఎన్నడూ అనలేదు.

సాయంత్రం అయిదు గంటలకు నిండు బండి తిరుగుముఖం పట్టింది. బాల్‌సింగ్ పక్కన దయాకర్ కూర్చున్నాడు. చంద్రి, హమాలీలు వెనుక బస్తాల మీద. అడవి మొదలవగానే బాల్‌సింగ్ అలవాటు కొద్దీ అద్దం దించాడు, బండి నెమ్మదించాడు.

"ఎంతున్నది?" అన్నాడు దయాకర్.

"ముప్పై."

"యాభై దాటియ్యి."

"సేటు, బస్సులు బందై రోడ్డు ఉత్తగున్నది. దుప్పులు పగలే రోడ్డెక్కుతున్నయ్. గిప్పుడు మెల్లగ పోవుడే మంచిది."

"గందుకే అంటున్న. నువ్వు ముప్పై మీద పోతే అది మూగదే గద. సాగర్ వచ్చి అడుగుతడు, పలికిందా బావా అని. నేనేం చెప్పాలె?"

బాల్‌సింగ్ గేరు మార్చాడు. కాలు అదిమాడు. ముల్లు నలభై దాటింది, యాభై దాటింది, యాభై అయిదు దగ్గర వణుకుతూ నిలబడింది. దయాకర్ చెవి కిటికీ వైపు పెట్టాడు, తనకు వినపడదని తెలిసీ. గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఇప్పల వాగు మలుపు తిరిగారు. బాల్‌సింగ్ డోర్ మీద కొట్టడానికి చెయ్యి ఎత్తాడు కానీ ఆ వేగంలో స్టీరింగ్ వదలలేకపోయాడు.

కల్వర్టు ముందు వానలకు లేచిపోయిన గుంత ఉంది. ఆ గుంతలో తల దించి నాలుగు దుప్పులు. మూడు ఎగిరి దూకాయి. నాలుగోది, ఆడది, తలెత్తి బండి వైపే చూసింది. బ్రేకు కీచుమంది. బస్తాల మీద చంద్రి ముందుకు తూలి తాడు పట్టుకుంది. బండి ఎడమ కొస దుప్పి తొడకు తగిలింది. అది పడింది, లేచింది, వెనుక కాలు ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది.

బాల్‌సింగ్ దిగి పొదల అంచు దాకా పోయి నిలబడ్డాడు. ఆకులు కదలడం ఆగిపోయాక కూడా అక్కడే ఉన్నాడు. చంద్రి వచ్చి పక్కన నిలబడింది. తిరిగి వచ్చి చూస్తే ఎడమ హెడ్‌లైట్ పగిలిపోయింది. బంపర్ సొట్ట పడింది. ఈలకు మాత్రం గీత కూడా పడలేదు. దాని అంచున నాలుగు ఎర్రటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. బాల్‌సింగ్ వాటిని వేళ్లతో తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

"పోదాం పా," అన్నాడు దయాకర్. "బతుకుతది. లేచి ఉరికింది గద."

దుకాణం చేరేసరికి ఇంకా చీకటి పడలేదు. హమాలీలు, టీ కొట్టు ఆగయ్య, పక్క దుకాణాల వాళ్లు పగిలిన లైటు చుట్టూ మూగారు. విద్యాసాగర్ వంగి ముందు ఈలలు చూశాడు. ఆ తర్వాత లేచి, అందరికీ వినపడేలా అడిగాడు.

"స్పీడెంతున్నది?"

బాల్‌సింగ్ సేటు వైపు చూశాడు. అందరూ సేటు వైపే చూశారు. దయాకర్ అబద్ధాల మనిషి కాదని చెప్పాను. అబద్ధాలకు అలవాటు లేనివాళ్లు ఎప్పుడో ఒకసారి ఆడితే మరీ ఘోరంగా ఆడతారు. తానే తోలించాడని చెబితే తన పెద్దరికం ఏం కావాలి? యాభై దాటాకే తగిలిందని చెబితే, దుమ్ము తాగి ఈలలు మోసుకొచ్చిన బామ్మర్ది మొహం ఏం కావాలి? ఈ రెంటి మధ్యన ఇరుక్కుని, చెప్పుల వైపు చూస్తూ అన్నాడు.

"ముప్పయో నలభయో. వీనికి మెల్లగ తోలుడు అలవాటు గద."

"అదీ సంగతి," అన్నాడు విద్యాసాగర్, ఊపిరి పీల్చుకుని. "పలుకలే. పలుకనియ్యలే. మెల్లగ తోలుకుంట కూడా చూసుకోకపోతే ఎట్ల బాల్‌సింగ్? కునుకు పట్టిందా?"

బాల్‌సింగ్ ఇంకా సేటు వైపే చూస్తున్నాడు. దయాకర్ చెయ్యి చాపాడు.

"జర నాలుగు రోజులు ఇంటికాడ ఉండు. సాగర్ తోలుతడు. ఎట్లగూ సమ్మెకు ఆయన దుకాణం గూడ బందే ఉన్నది, ఇప్పట్ల పోయేది లేదు."

తాళంచెవికి చంద్రి కట్టిన ఎర్రదారం ఉంది. బాల్‌సింగ్ దాన్ని విప్పబోయి, ముడి రాక, దారంతో సహా సేటు చేతిలో పెట్టాడు.

మొగుడూపెళ్లాలు ఇల్లు చేరారు. గుడిసె ముందు కాళ్లు కడుక్కుంటుండగా చంద్రి తమ లంబాడ మాటల్లో అడిగింది, నువ్వెందుకు చెప్పలేదని.

"సేటు చెప్తడని చూసిన," అన్నాడు అతను.

ఆ మాటకు చంద్రికి కోపం రావలసింది, ఏడుపొచ్చింది. పదకొండేళ్లు ఒక మనిషి పక్కన కూర్చుని బండి తోలినవాడు ఇంకేం అంటాడు? రేపు అడ్డాలో అందరూ ఏమంటారో ఇద్దరికీ తెలుసు. బాల్‌సింగ్ నిద్రపోయాడట, ముప్పై మీద పోతూ దుప్పిని కొట్టాడట. ఆ పేరు ఒకసారి అంటుకుంటే భూపాలపల్లిలో ఇంకొకరు బండి ఇవ్వరు.

"రేపు నేను పనికి పోను," అంది.

"పో. నిన్ను బందు పెట్టలే గద. నువ్వు పోకపోతే మూతులు ఎవడు కుడుతడు? ఆ హమాలీల కుట్టు సూసినవా, పిల్లి కూడ దూరుతది."

తనను అంత మాట అన్నవాడి బస్తాల గురించి కూడా బెంగే. చంద్రి కళ్లు తుడుచుకుని నవ్వింది. జేబులో వెంట్రుకలు చూసి ఏమిటని అడగలేదు. తీసి గోడ గూట్లో, దేవి బొమ్మ దగ్గర పెట్టింది.

మర్నాడు బండి విద్యాసాగర్ తోలాడు. జనగామలో రోజూ బండ్ల సామాను అమ్ముతాడు కానీ నిండు డీసీఎం తోలడం వేరు. గేరు మార్చినప్పుడల్లా బండి మూలిగింది. మధ్యాహ్నం బస్తాలు నింపుకుని తిరిగి వస్తుంటే, అడవి మొగదల నాలుగు రోడ్ల కూడలిలో బండిని ఆపేశారు. వంటావార్పు. రోడ్డు నడిమధ్యన రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గుండిగలు, అన్నం, పప్పుచారు. బడి పంతుళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఆఫీసు గుమాస్తాలు పొగకు కళ్లు నలుపుకుంటూ కట్టెలు ఎగదోస్తున్నారు. అందరి మెడల్లో గులాబీ కండువాలు. సాయంత్రం నాలుగింటి దాకా ఏ బండీ కదలదన్నారు.

దయాకర్ దిగి జై తెలంగాణ అన్నాడు. మనసారానే అన్నాడు. ఇస్తరాకులో అన్నం పెట్టించుకుని రోడ్డు మీదే కూర్చుని తిన్నాడు. చంద్రి కాసేపు కూరగాయలు తరిగింది. నీళ్లు అయిపోయాయని ఎవరో అంటే బిందె తీసుకుని ఇప్పల వాగు వైపు నడిచింది. అక్కడికి అరకిలోమీటరు కూడా లేదు.

పది నిమిషాలకు ఖాళీ బిందెతోనే తిరిగి వచ్చింది.

"సేటు, జర రా. సారు, మీరు గూడ. చప్పుడు చెయ్యకుండ్రి."

మలుపు దగ్గర చెట్టు చాటున ముగ్గురూ నిలబడ్డారు. నడి మధ్యాహ్నం, ఎండలో మెరుస్తున్న తారు రోడ్డు, దాని మీద ఏడు దుప్పులు. నిన్నటి గుంత చుట్టూ చేరి, పెళ్లి పందిట్లో బంతి భోజనానికి కూర్చున్నట్టు నింపాదిగా తింటున్నాయి. ఏడోది కొంచెం ఎడంగా ఉంది. వెనుక కాలు నేలకు ఆనించకుండా మూడు కాళ్ల మీద నిలబడి అది కూడా తింటోంది.

చంద్రి దాని కాలి వైపే చూసింది. "బతికే ఉన్నది," అంది తనలో తాను.

విద్యాసాగర్ కళ్లు మాత్రం ఇంకో దారిన వెలిగాయి. జేబులో శాంపిల్‌గా ఉంచుకున్న మూడో ఈల తీశాడు. పెదవుల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుని ఊదాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. ఒక దుప్పి చెవి విదిల్చింది. ఈగ వాలినా అంతే విదిలిస్తుంది. మిగిలినవి తల ఎత్తలేదు.

"నోటి గాలి సరిపోదు బావా," అన్నాడు రొప్పుతూ. "యాభై స్పీడు కావాలె."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. అయినా అతను చెప్పింది పూర్తిగా అబద్ధమని ఎవరు తేల్చగలరు? మద్దెల మోగుతోందో లేదో వినే చెవులు అక్కడ ఎవరికీ లేవు. దయాకర్ అతని వైపు చూడలేదు. ఆయన చూపు గుంత మీద ఉంది.

"ఏం తింటున్నయ్ అవి?"

చంద్రి రెండు చేతులూ ఎత్తి, మోచేతుల దాకా ఉన్న తెల్ల గాజులను ఒకదానికొకటి తాటించింది. ఏడు తలలూ ఒక్కసారి లేచాయి. తొందరేమీ లేదన్నట్టు ఒక్కొక్కటే రోడ్డు దిగి చెట్లలోకి పోయాయి. కుంటిది చివరన పోయింది.

గుంత నిండా మక్కలు. పైన నిన్నటి పచ్చటి గింజలు. వాటి కింద వానకు నాని ఉబ్బినవి. ఇంకా అడుగున మొలకెత్తినవి, వేలెడు పొడుగు ఆకులతో. కల్వర్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా రోడ్డు మీద గింజల వరుస ఉంది. ఈ దారిన మక్కల బండి ఒక్కటే నడుస్తోంది.

దయాకర్ గుంత దగ్గర వంగి మొలక ఒకటి పీకాడు.

"నీ కుట్టు ఊడింది చంద్రి," అన్నాడు.

చంద్రి ఆయన మొహంలోకి చూసింది. నిన్న మొగుడు, ఇవాళ తను. వెనుదిరిగి కూడలి వైపు నడిచింది. బండి చేరాక టైరు మీద కాలు పెట్టి ఎక్కి, అంచున ఉన్న బస్తా మూతిని రెండు చేతులా పట్టుకుని గుంజి చూపించింది. కుట్టు కదలలేదు. రెండో బస్తా గుంజింది. మూడోది గుంజింది. ఆ తర్వాత మొదటి బస్తా నడుం మీద పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. గోనెలో ఉన్న గుండ్రటి చిల్లులోంచి గింజలు టపటపా రాలి దయాకర్ చెప్పుల మీద పడ్డాయి.

"సేటు, జర మీ గొట్టం ఇయ్యుండ్రి."

ఆయన సంచిలోంచి తీసి ఇచ్చాడు. చంద్రి దాన్ని ఆ చిల్లులో పెట్టింది. ఒరలోకి కత్తి పోయినట్టు పోయింది. అక్కడే వదిలేసి దిగి, బిందె తీసుకుని నీళ్ల కోసం మళ్లీ వాగుకు పోయింది.

దయాకర్ ఆ గొట్టం వైపు చూస్తూ ఉండిపోయాడు. ముప్పై యేళ్లుగా ఆ గొట్టం దుకాణంలోనే బస్తాలో దిగేది, బండి దిగిన తర్వాత. గింజ రాలినా దుకాణం గచ్చు మీదే రాలేది, పుష్పలత ఊడ్చి పిట్టలకు చల్లేది. ఈ యేడే కల్లాల్లో పొడిచాడు, బండికెత్తక ముందు. చిల్లులు పడ్డ బస్తాలతో రెండు వారాలుగా అదే గుంతలో కుదుపులు తింటూ పోతున్నాడు. పిలిచి పీట వేసి, వచ్చి కూర్చున్నాక ఈల ఊది లేచిపొమ్మన్నాడు. లేవలేదని డ్రైవర్‌ను ఇంటికి పంపాడు.

ఆ సాయంత్రం పుష్పలత అన్నం పెడుతూ ఆయన పచ్చడి కలుపుకోవడం మరిచిపోయాడని గమనించింది. చంద్రి అప్పటికే వంటింటి గడప దగ్గర కూర్చుని అంతా చెప్పి పోయింది. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అది సేటు నోటి నుంచే రావాలనుకుంది కాబోలు.

"నిన్న స్పీడెంతున్నది?" అంది పుష్పలత.

దయాకర్ చాలాసేపు ముద్ద పిసికాడు. "యాభై అయిదు. నేనే దాటియ్యమన్న."

ఆమె మజ్జిగ గ్లాసు పెట్టింది. "మరి నాకెందుకు చెప్తున్నవ్?"

తెల్లవారి దయాకర్ నడుచుకుంటూ బాల్‌సింగ్ గుడిసెకు పోయాడు. పదకొండేళ్లలో ఆ ఇంటికి రావడం అదే మొదలు. బాల్‌సింగ్ గబగబా మంచం వాల్చాడు. నీళ్లు ఇచ్చాడు. దయాకర్ తాగి, లోటా కింద పెట్టి, జేబులోంచి తాళంచెవి తీసి చాపాడు. ఎర్రదారం అలాగే ఉంది.

"తీసుకో. తప్పు నాది."

బాల్‌సింగ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే దయాకర్‌కు కొంచెం తేలిగ్గా ఉండేది.

"ఇక్కడొద్దు సేటు. నలుగురి ముందర తీసుకున్నవ్. నలుగురి ముందర ఇయ్యి."

గడపలో చంద్రి చెవులు రిక్కించి నిలబడి ఉంది. పైకి చెప్పలేదు కానీ, ఆ మనిషిని చేసుకున్నందుకు ఆ పూట ఆమెకు గర్వమనిపించింది.

దయాకర్ తల ఊపి లేచాడు. దారి పొడుగునా ఇద్దరూ ఒక బారెడు దూరంలో నడిచారు. దుకాణం ముందు హమాలీలు టీ తాగుతున్నారు. ఆగయ్య పాలు మరిగిస్తున్నాడు. విద్యాసాగర్ పళ్లు తోముకుంటున్నాడు. దయాకర్ బండి దగ్గర, పగిలిన లైటు పక్కన నిలబడ్డాడు. చదువుకునే రోజుల్లో కూడా ఆయన నలుగురిలో లేచి మాట్లాడిన మనిషి కాదు.

"ఆగయ్యా, జర స్టౌ తగ్గియ్యి. ఒక మాట చెప్పాలె." స్టౌ హోరు తగ్గింది. "మొన్న బండి యాభై అయిదు మీద ఉండె. బాల్‌సింగ్ ముప్పై అంటే నేనే దాటియ్యమన్న. కునుకు గినుకు ఏం లేదు. నేను అబద్ధమాడిన. దుప్పులు వచ్చుడు కూడ నా వల్లనే, నా బస్తాల చిల్లులకే వచ్చినయ్. చంద్రి కుట్టు మంచిగనే ఉన్నది."

విద్యాసాగర్ నోట్లో నురగతో నిలబడిపోయాడు. ఉమ్మేసి వచ్చి, బంపర్ వైపు చూస్తూ చిన్న గొంతుతో అడిగాడు.

"అంటే బావా, యాభై అయిదు మీద అది పలికినట్టేనా?"

"పలికిందో లేదో దుప్పికే తెలువాలె సాగర్."

విద్యాసాగర్ ఈల పీకడానికి వంగాడు. దయాకర్ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "ఉండనీరా. నువ్వు తెచ్చినవ్ గద. ఉన్న జాగల ఉండనీ." అప్పుడు తిరిగి తాళంచెవి చాపాడు. బాల్‌సింగ్ రెండు చేతులా తీసుకున్నాడు. ఆగయ్య, ఎవరూ అడగకుండానే, ఇద్దరికీ టీ పోశాడు.

ఆ రోజు బండిలో గొట్టం లేదు. దుకాణంలో మేకుకు వేలాడదీసి వచ్చారు. దాని బదులు దుకాణం చీపురు, తట్ట ఎక్కించారు. ఇప్పల వాగు దగ్గర బండి ఆపి దయాకర్ పంచె ఎగ్గట్టి రోడ్డు ఊడవడం మొదలుపెట్టాడు. బరువైన మనిషి, ఊడ్చే అలవాటు లేదు. గింజలకంటే దుమ్ము ఎక్కువ లేచింది. అప్పుడే నాలుగు మోటార్ సైకిళ్ల మీద కండువాలతో కుర్రాళ్లు వస్తూ ఆగారు. సేటు రోడ్డు ఊడుస్తూ నిరసన తెలుపుతున్నాడని అనుకున్నారు. అన్ని రకాల నిరసనలు నడుస్తున్న రోజులవి.

"జై తెలంగాణ," అన్నారు మెచ్చుకోలుగా.

"జై తెలంగాణ," అన్నాడు దయాకర్, చీపురు ఆపకుండా.

వాళ్లు పోయాక చంద్రి బండి చాటుకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని తనివితీరా నవ్వింది. బాల్‌సింగ్ వచ్చి గుంత దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"గుంతలయి చీపురుకు రావు సేటు. చేతులతోనే ఏరాలె."

దయాకర్ చీపురు పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ మొలకలు పీకారు, నానిన గింజలు తోడి తట్టలో వేశారు. తట్టలోవి దుప్పులకే వదిలేద్దామని, రోడ్డుకు దూరంగా వాగు ఒడ్డున చెట్ల లోపల బోర్లించి వచ్చింది చంద్రి. గుంతను బాల్‌సింగ్ రాళ్లతో, మొరంతో నింపి కాలితో తొక్కాడు.

సాయంత్రం నిండు బండితో తిరిగి వస్తుంటే అడవి మొగదల బాల్‌సింగ్ అద్దం దించాడు. ముల్లు జారి ముప్పై మీద నిలిచింది. బంపర్ మీద రెండు ఈలలూ నోరు తెరుచుకుని మూగగా ఉన్నాయి. వాగు మలుపు వచ్చింది. బాల్‌సింగ్ చెయ్యి ఎత్తబోయాడు. అంతలో ఎడమ వైపు నుంచి దబ్, దబ్ అని రెండు దెబ్బలు వినపడ్డాయి.

దయాకర్ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి డోర్ మీద కొడుతున్నాడు. చూపు రోడ్డు మీదే ఉంది. చెట్ల నీడల్లో మూడో నాలుగో తలలు లేచాయి. చూశాయి. ఒకటి కుంటుతూ లోపలికి తప్పుకుంది. ఆయన మళ్లీ కొట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా. బస్తాల మీద నుంచి చంద్రి గాజుల చప్పుడు వినిపించింది.

"జర మెల్లగ సేటు," అన్నాడు బాల్‌సింగ్. "డోర్ పాతది."